పుంజు పిల్లా, పెట్ట పిల్లా? దాణా లెక్క తేలేది మొదటి రోజే

గుంటూరు: యార్డులో దిగిన మిర్చి టిక్కీ నుంచి గుప్పెడు కాయలు తీసి, ఎర్రకాయ ఎంత, తాలు ఎంత అని చెప్పగల వర్తకుడు కూడా ఒక రోజు వయసు కోడిపిల్లల పెట్టె ముందు చేతులెత్తేయవలసిందే. తాలు కంటికి కనిపిస్తుంది. పుంజు పిల్ల కనిపించదు.

గుడ్ల కోసం పెంచే జాతులలో పుంజు పిల్లకు వ్యాపారపు విలువ దాదాపు లేదు. గుడ్డు పెట్టదు, బ్రాయిలర్ వలె త్వరగా ఎదగదు. తిండి మాత్రం తింటుంది. ఫారంలో 1,000 పిల్లలు దిగాయనుకుందాం. విభజన నూటికి 98 పాళ్లు సరిగా వుంటే వాటిలో 20 పుంజులు, 90 పాళ్లే సరిగా వుంటే 100 పుంజులు. ఏడెనిమిది వారాలకు తలపై జుట్టు ఎర్రబడి బయటపడేసరికి ఒక్కొక్కటి కిలోకు పైగా దాణా మింగి వుంటుంది. అంటే 100 పుంజులకు క్వింటాలుకు మించి! పిల్ల ఖరీదు, టీకాలు, షెడ్డులో చోటు అదనం. మొక్కజొన్న ధారణ హెచ్చిన ఏడు ఈ నష్టం మరీ బరువు.

హేచరీలలో ఈ పనికి మూడు పద్ధతులున్నాయి. ప్రధానమైనది మలద్వార పరీక్ష. 1920 దశకంలో జపాన్ శాస్త్రవేత్త మసూయి కియోషి, ఆయన సహచరులు దీనికి రూపమిచ్చారు. పిల్ల పొట్టను మెల్లగా నొక్కి రెట్ట తీసి, ద్వారాన్ని విప్పి చూస్తారు. లోపల ఆవగింజకన్నా చిన్న బొడిపె గుండ్రంగా, గట్టిగా, మెరుస్తూ వుంటే పుంజు. చదునుగా వున్నా, అసలు లేకున్నా పెట్ట. చెప్పినంత సులువు కాదు, రెండూ కాని తరహా బొడిపెలు చాలా వస్తాయి. చేయి తిరిగిన పనివాడు గంటకు 800 నుంచి 1,000 పిల్లలను వేరు చేయగలడు. పిల్ల పొదిగిన మొదటి రోజు దాటితే గుర్తు మసకబారుతుంది.

రెక్క పరీక్ష తేలిక. కింది వరుస ఈకలు పై వరుసకన్నా పొడవైతే పెట్ట. రెండూ సమమైనా, కింది వరుస పొట్టిగా వున్నా పుంజు. అయితే తండ్రిది త్వరగా ఈకలొచ్చే వంశం, తల్లిది ఆలస్యంగా వచ్చే వంశం అయితేనే ఇది చెల్లుతుంది. తక్కిన పిల్లలలో రెక్క చూసి కొనడం జూదమే.

మూడవది రంగు. రోడ్ ఐలండ్ రెడ్ పుంజుకు, బార్డ్ ప్లిమత్ రాక్ పెట్టకు పుట్టిన పుంజు పిల్లల తలపై తెల్లమచ్చ వుంటుంది. పెట్ట పిల్లలకు వుండదు. ఈ గుర్తు ఆ ఒక్క తరానికే.

కోలగా వున్న గుడ్డు పుంజు, గుండ్రని గుడ్డు పెట్ట అనే మాట పల్లెల్లో ఇంకా వినవస్తున్నది. అందులో నిజం లేదు. కోళ్లలో పిల్ల ఆడో మగో నిర్ణయించేది తల్లి కణమే. గుడ్డు ఆకారానికి దానితో పని లేదు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అసీలు పెంచేవారి లెక్క ఇందుకు తలకిందులు. అక్కడ ధర పలికేది పుంజుకే. (పందేలపై నిషేధం సంగతి వేరు.) నాటు పిల్లలలో మొదటి రోజు ఈక, రంగు గుర్తులు పనికిరావు గనుక రెండు నెలలు ఆగి జుట్టు, తమ్మెలు చూడవలసిందే.

జర్మనీలో 2022 జనవరి నుంచి గుడ్ల జాతి పుంజు పిల్లలను పుట్టగానే చంపడం నిషేధించారు. అక్కడి హేచరీలు గుడ్డులో వుండగానే ఆడా మగా తేల్చే యంత్రాలవైపు మళ్లాయి. ఆ ఖర్చు చివరకు గుడ్డు ధరలోనే కలుస్తున్నది.