కారు ఇంజను పీల్చే గాలి

కారు పెట్రోలుతో నడుస్తుందని అందరికీ తెలుసు. కాని బరువు లెక్కన చూస్తే ఇంజను పెట్రోలుకంటే గాలినే ఎన్నో రెట్లు ఎక్కువగా వాడుకుంటుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు సుమారు 11 కిలోల గాలి, అంటే దాదాపు 9,000 లీటర్ల గాలి ఖర్చవుతుంది!

ఈ గాలి ఒక గొట్టం ద్వారా ముందుగా ఒక ప్లాస్టిక్ పెట్టెలోకి వస్తుంది. అందులో మడతలు మడతలుగా ఉన్న కాగితపు ఫిల్టరు దుమ్మును పట్టి ఉంచుతుంది. శుభ్రపడిన గాలి థ్రాటిల్ అనే చిన్న తలుపును దాటి సిలిండర్లలోకి పోతుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు తెరుచుకునేది ఈ తలుపే.

కొందరు ఈ పెట్టెను తీసివేసి, పెద్ద ఫిల్టరునూ వెడల్పాటి గొట్టాన్నీ బిగిస్తారు. దీనివల్ల లాభమా, నష్టమా?

లాభం ఎంత?

ఎక్కువ గాలి లోపలికి పోతే ఎక్కువ పెట్రోలు మండి, ఎక్కువ శక్తి వస్తుంది. ఈ సూత్రం సరైనదే. అయితే కొబ్బరినీళ్లు తాగడం గుర్తుచేసుకోండి. గబగబా తాగాలంటే లావు గొట్టం మేలు. నెమ్మదిగా తాగేటప్పుడు సన్న గొట్టమైనా తేడా తెలియదు. ఊరిలో కారు నడిపేటప్పుడు థ్రాటిల్ కొద్దిగానే తెరుచుకుంటుంది. అప్పుడు గాలిని ఎక్కువగా అడ్డుకునేది ఆ తలుపే గాని ఫిల్టరు కాదు. తలుపు పూర్తిగా తెరిచి, ఇంజను అతివేగంగా తిరిగేటప్పుడే పెద్ద గొట్టం ఉపయోగపడుతుంది. అందుకే పందెపు కార్లలో దీనికి విలువ ఎక్కువ.

పెట్టె తీసివేస్తే గాలి పీల్చే చప్పుడు బిగ్గరగా వినిపిస్తుంది. అది విని ఇంజను బలం పెరిగిందని కొందరు భ్రమపడతారు!

నష్టం ఎక్కడ?

వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుందని మీరు చదువుకున్నారు. బయటి గాలి 30 డిగ్రీల సెల్సియస్ ఉందనుకోండి. ఇంజను పక్కనే తెరిచి ఉంచిన ఫిల్టరు 60 డిగ్రీల గాలిని పీల్చితే, అదే ఘనపరిమాణంలో గాలి బరువు సుమారు 9 శాతం తగ్గుతుంది. శక్తి కోసం చేసిన మార్పు శక్తినే తగ్గిస్తుందన్నమాట.

చల్లని గాలి కోసం గొట్టాన్ని కింద బంపరు దగ్గరకు దించితే మరో చిక్కు. వానాకాలంలో రోడ్డుమీద నిలిచిన నీటిని ఇంజను పీల్చుకోవచ్చు. గాలిని నొక్కి కుదించవచ్చు. నీటిని అలా కుదించలేము. పైకి వచ్చే పిస్టనుకు నీరు అడ్డుపడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

అన్నిటికంటే మొండి శత్రువు దుమ్ము. రోడ్డు దుమ్ములో సన్నని ఇసుక రేణువులు ఉంటాయి. ఫిల్టరు వాటిని వదిలేస్తే, అవి గరుకు కాగితంలా సిలిండరు గోడలనూ పిస్టను రింగులనూ అరగదీస్తాయి. ఈ అరుగుదల వెంటనే పైకి కనబడదు. ఇంకా కొన్ని రకాల ఫిల్టర్లకు నూనె పూస్తారు. అది ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సారుకు అంటుకొని కొలత తప్పవచ్చు.

కాబట్టి రోజూ తిరిగే కారుకు, కాగితపు ఫిల్టరును సకాలంలో మార్చుకోవడమే మేలు. ఈసారి ఎక్కడైనా కారుకు పాత ఫిల్టరు తీస్తుంటే, దాని మడతలను పరీక్షగా చూడండి. అక్కడ పేరుకున్న దుమ్మంతా ఇంజనులోకి పోకుండా ఆగినదే!