మీ ఫోన్ స్పెక్ షీట్ అర్థం కావాలంటే పీరియాడిక్ టేబుల్ ఇలా చదవండి

పోయిన వేసవిలో నా పాత ఫోన్ బ్యాక్ కవర్ ఒక పక్క పైకి లేచింది. బ్యాటరీ ఉబ్బిందన్నమాట. "లోపల ఉన్నది గ్యాసే కదరా, పిన్నుతో చిన్న హోల్ పెడితే పోతుంది" అన్నాడు మా రూమ్మేట్. పిన్ను కూడా పట్టుకొచ్చాడు. వాడిని ఆపడానికి నాకు పనికొచ్చింది బీటెక్ కాదు, ఇంటర్‌లో బట్టీ పట్టిన పీరియాడిక్ టేబుల్.

ఎంసెట్ అయిపోగానే మనం దాన్ని వదిలేశాం. కానీ స్పెక్ షీట్‌లో కనిపించే చాలా మాటలకి అర్థం అక్కడే ఉంది.

రెండు రూల్స్ చాలు

ఒకటి, నిలువు వరుస, అంటే గ్రూప్. మెయిన్ గ్రూప్స్‌లో ఒకే గ్రూప్ ఎలిమెంట్స్‌కి బయటి షెల్‌లో దాదాపు ఎప్పుడూ ఒకే సంఖ్యలో ఎలక్ట్రాన్లు ఉంటాయి. అందుకే వాటి స్వభావం కూడా దగ్గరగా ఉంటుంది. రెండు, అడ్డ వరుస, అంటే పీరియడ్. ఒక్కో వరుస కిందికి దిగితే ఒక షెల్ పెరుగుతుంది, ఆటమ్ పెద్దదవుతుంది.

బయటి షెల్‌లో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉంటే చాలా ఆటమ్స్ కుదురుగా ఉంటాయి. ఆ లెక్క కుదరడానికి కొన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తాయి, కొన్ని తీసుకుంటాయి, కొన్ని పంచుకుంటాయి. బాండింగ్ అంటే ఇదే. ఇప్పుడు ఫోన్ విప్పి చూద్దాం.

బ్యాటరీ: లిథియం

మొదటి గ్రూప్, నంబర్ 3. బయట ఉన్నది ఒక్క ఎలక్ట్రానే. దాన్ని ఇచ్చేసి, లోపలి షెల్‌లోని రెండింటితో హాయిగా ఉండిపోతుంది. ఆ ఎలక్ట్రాన్ బయటి సర్క్యూట్ గుండా వెళ్తూ ఫోన్‌ని నడిపిస్తుంది, లిథియం అయాన్ బ్యాటరీ లోపలి నుంచి అవతలికి చేరుతుంది. లోహాలన్నిటిలో లిథియమే తేలిక. కిందింటి సోడియం స్వభావం కూడా ఇలాంటిదే, ధర తక్కువ. కానీ ఆటమిక్ మాస్ 7కి బదులు 23, సైజు కూడా పెద్దది. జేబులో పెట్టుకునే ఫోన్‌కి ఆ తేడా చిన్నదేం కాదు.

స్క్రీన్: సోడియం, పొటాషియం

గొరిల్లా గ్లాస్ లాంటి గ్లాస్‌ని దాదాపు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన పొటాషియం సాల్ట్‌లో ముంచుతారు. పై పొరలోని సోడియం అయాన్లు బయటికొస్తాయి, వాటి చోట్లోకి పొటాషియం అయాన్లు దూరతాయి. గ్రూప్ ఒకటే కాబట్టి చార్జ్ సమానం. కానీ పొటాషియం ఒక వరుస కింద ఉంది కాబట్టి సైజు పెద్దది. ఇద్దరి సీట్లో ముగ్గురు ఇరుక్కున్నట్టు పై పొర బిగుసుకుపోతుంది, గీతలు పగుళ్లుగా మారడం కష్టమవుతుంది.

కొత్త బ్యాటరీలు: సిలికాన్-కార్బన్

కార్బన్ కింద ఉన్నదే సిలికాన్. రెండింటికీ బయట నాలుగు ఎలక్ట్రాన్లు. గ్రాఫైట్‌లో ఒక్క లిథియంకి ఆరు కార్బన్ ఆటమ్స్ కావాలి. ఒక్క సిలికాన్ ఆటమ్ మాత్రం మూడుకి మించి లిథియంలను పట్టుకోగలదు. సన్నటి ఫోన్లలో కూడా 6000, 7000 ఎంఏహెచ్ కనిపించడానికి ఇదో ముఖ్య కారణం. ఇబ్బంది ఏంటంటే, అన్ని లిథియంలని మింగిన సిలికాన్ దాదాపు మూడింతలు ఉబ్బుతుంది. అందుకే కార్బన్‌ని తోడు పెడతారు.

చార్జర్: గాలియం నైట్రైడ్

గాలియంకి బయట మూడు, నైట్రోజన్‌కి ఐదు. కలిస్తే ఎనిమిది, లెక్క కుదిరింది. వీటి మధ్య బాండ్ చాలా గట్టిది. సిలికాన్ కన్నా ఎక్కువ వోల్టేజ్ తట్టుకుంటుంది, తక్కువ వేడితో వేగంగా స్విచ్ అవుతుంది. అందుకే ఆ చార్జర్లు అంత చిన్నగా ఉంటాయి. ఇంకో విశేషం: మెండలీవ్ టేబుల్‌లో అల్యూమినియం కింద ఖాళీ వదిలి, అక్కడికి రావాల్సిన ఎలిమెంట్ లక్షణాలు 1871లోనే రాసిపెట్టాడు. 1875లో దొరికిన గాలియం ఆ ఖాళీలో కూర్చుంది.

మళ్లీ ఆ పిన్ను దగ్గరికి వద్దాం. చార్జ్ ఉన్న బ్యాటరీలో ఎలక్ట్రాన్ ఇచ్చేయడానికి రెడీగా ఉన్న లిథియం గ్రాఫైట్ పొరల్లో నిండి ఉంటుంది. పిన్ను దిగితే పొరలు షార్ట్ అవుతాయి, ఒక్కసారిగా వేడి పుడుతుంది, పక్కనే మండే ఎలక్ట్రోలైట్. గదిలో మంట లేవడానికి అది చాలు.

మీ ఫోన్ ఉబ్బితే చార్జింగ్ ఆపేయండి, నొక్కొద్దు, పొడవొద్దు, స్విచ్ఛాఫ్ చేసి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. నేను అదే చేశాను. మా వాడి పిన్ను ఇప్పుడు సిమ్ ట్రే తీయడానికి వాడుతున్నాం.