కన్నాంబగారి వాచికాభినయము

నటన యనగా ముఖమునకు రంగు పూసికొని యెగురుటయే యని మన పల్లెలలో నేటికిని కొందఱి తలంపు. నటించునది స్త్రీయైనచో ఆ తలంపునకు నిందయు తోడగును. బడిలో పద్యమప్పగించిన బాలికను మెచ్చుకొను పెద్దలే, ఆ పద్యమునే రంగస్థలముపై చదివినచో మొగము చిట్లింతురు. ఇది న్యాయమా యని విచారించుటకు మనము దూరము పోనక్కఱలేదు. మా చింతలపూడివారికి నిత్యము రాకపోకలుండు ఏలూరిలో పెరిగిన శ్రీమతి పసుపులేటి కన్నాంబగారి చరిత్రము చాలును.

మన పూర్వులు అభినయమును నాలుగు విధములుగా చెప్పిరి. అవయవముల కదలిక ఆంగికము, పలుకు వాచికము, వేషభూషలు ఆహార్యము, లోని భావము కన్నీరుగా, గగుర్పాటుగా వెలువడుట సాత్త్వికము. వీనిలో వాచికము మిక్కిలి కష్టమైనదని నా యభిప్రాయము. పదము విఱువవలసిన చోటు, ఊపిరి నిలుపవలసిన చోటు తెలియక చదివిన పద్యము వట్టి రాగమై పోవును. మీరు మామిడితోటలు గలవారు. పండును పైరంగు చూచి గాక, ముచ్చికయొద్ద వాసన చూచి యెన్నుకొందురు. నటిని గూడ అట్లే మాటనుబట్టి యెన్నవలెను.

ఒకప్పుడు నాటకములందు స్త్రీపాత్రలను పెక్కుచోట్ల పురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా గొప్ప కీర్తి గడించిరి. సురభి సమాజములలో మాత్రము కుటుంబస్త్రీలు నటించుచుండిరి. ఆ సురభి కమలాబాయిగారే 1932లో వెలువడిన భక్తప్రహ్లాద టాకీలో లీలావతియైరి. అట్టి కాలముననే కన్నాంబగారు చిన్నతనమున నాటకరంగము చేరిరి. 1935లో పి. పుల్లయ్యగారు తీసిన హరిశ్చంద్ర చిత్రములో చంద్రమతిగా కనబడిరి. 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణము, 1937లో సారంగధర వచ్చినవి. పురుషులు పేరొందిన చిత్రాంగి పాత్రను ఆమె ఇందు ధరించిరి.

నాటకము నుండి టాకీకి మారుట సులభము కాదు. రంగస్థలముపై వెనుకవరుసలోనివానికి వినబడునట్లు గొంతెత్తి చదువవలెను. మైకుముందు అట్లు చదివినచో కర్ణకఠోరమగును. నిట్టూర్పు సైతము పట్టుబడును. తొలినాళ్ల చిత్రములలో నటులు నటించుచునే పాడవలసి యుండెను. ఒకరి గాత్రమును మఱొకరి పెదవులకు చేర్చు పద్ధతి తరువాత వచ్చినది. ఈ రెండు తీరులును సాధించినవారు కొందఱే.

కన్నాంబగారు పరభాషలో గూడ ఈ విద్యను నిలుపుకొనిరి. 1942లో తమిళమున వెలువడిన కణ్ణగి చిత్రములో, పతికి జరిగిన యన్యాయమునకై పాండ్యరాజును నిలదీసిన పతివ్రత వేషము ఆమెదే. తమిళులు తమ గ్రంథములోని పూజ్యురాలిని ఒక తెలుగు స్త్రీ నోట విని ఆదరించిరి. ఉచ్చారణ తప్పినచో ఆదరింతురా? 1947లో పల్నాటి యుద్ధమున నాయకురాలు నాగమ్మగా మాటనే కత్తిగా దూసిరి. 1954లో మనోహర యను తమిళ చిత్రమున, సంకెళ్లలోనున్న కుమారుని పౌరుషము మేల్కొల్పు తల్లియైరి. కరుణము, రౌద్రము, రాజనీతి: మూడింటికిని ఒకే గొంతు, మూడు విధముల పలుకు.

అంతియకాదు. భర్త కడారు నాగభూషణముగారితో కూడి రాజరాజేశ్వరి సంస్థను నడపి చిత్రములు నిర్మించిరి. నటి యనగా పరుల చేతిబొమ్మ యనువారు ఈ విషయమును గమనింపవలెను. 1964 మే 7వ తేదీన ఆమె కీర్తిశేషులైరి.

మీ యింట ఒక బాలికకు స్పష్టమైన గొంతు, పద్యముపై ప్రీతి యున్నచో, నాటకమనగానే నోరు మూయింపకుడు. ముందుగా పదచ్ఛేదము నేర్పింపుడు, అర్థము చెప్పింపుడు. తరువాత ఆమె నటియగునో, ఉపాధ్యాయినియగునో, రచ్చబండపై న్యాయమడుగగల గృహిణియగునో కాలము నిర్ణయించును. స్పష్టముగా మాటాడుట యే దారిలోనైనను స్త్రీకి అండయే.