ఎదిగిన బిడ్డకు మానసిక వ్యాధి వస్తే: తల్లిదండ్రులు చేయవలసినవి



బిడ్డకు జ్వరం వస్తే ఏం చేయాలో మనకు తెలుసు. జావ కాచి ఇస్తాం, తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకువస్తాం. అదే ఇంటర్ చదివే కొడుకో, డిగ్రీలో చేరిన కూతురో పది రోజులుగా గది తలుపు వేసుకుని కూర్చుంటే ఏం చేయాలో తోచదు. చంకనెత్తుకుని తీసుకురావడానికి పసిబిడ్డ కాదు. తన పాటికి తనను వదిలేయడానికి పూర్తిగా పెద్దవాళ్ళూ కాలేదు. ఈ వయసు బిడ్డల విషయంలో తల్లిదండ్రులు ఎంతవరకు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

వయసు ప్రభావమా? వ్యాధా?

మానసిక వ్యాధులలో సగం 18 ఏళ్ళ లోపే మొదలవుతాయనీ, వాటిలో చాలావాటిని ఎవరూ గుర్తించరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్కిజోఫ్రీనియా వంటి తీవ్ర వ్యాధులు ఎక్కువగా టీనేజి చివరిలో, ఇరవైలలో బయటపడతాయి.

ఈ వయసులో కోపం, మౌనం, ఎదురు చెప్పడం సహజమే. కానీ రెండు వారాలకు మించి నిద్ర, ఆహారం, చదువు, స్నేహాలు అన్నీ దెబ్బతింటే అది వయసు ప్రభావం కాదు. రాత్రంతా మేలుకోవడం, స్నానం మానేయడం, ఎవరో తన గురించి చెవులు కొరుక్కుంటున్నారని అనుమానించడం, ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, చావు గురించి మాట్లాడడం ఉంటే వెంటనే వైద్యునికి చూపించండి. తిరుపతి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లల విషయంలో ఫోనులో "బాగున్నాను" అన్న మాటతో తృప్తిపడకండి. వెళ్ళి కళ్ళారా చూడండి.

గాలి సోకిందనీ, ఎవరో ఏదో చేయించారనీ తిరుగుతూ నెలలు గడిపితే వ్యాధి ముదురుతుంది. ప్రార్థన చేయడం, మందు వాడడం ఒకదానికొకటి అడ్డు కాదు. ప్రార్థిస్తున్నాం కదా అని మందు మాన్పించకండి. అలాగే "పెళ్ళి చేస్తే కుదుటపడతాడు" అనే మాట వినకండి. పెళ్ళి ఏ మానసిక వ్యాధికీ మందు కాదు.

కుటుంబం కూడా వైద్యంలో భాగమే

ఒకప్పుడు మానసిక రోగిని ఆసుపత్రిలో వదిలి కుటుంబం వెళ్ళిపోయేది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వారి కుటుంబాలనూ ఉంచారు. మన చిత్తూరుకు దగ్గరలోనే, వేలూరు బాగాయంలో 1957లో మొదలైన సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రం కూడా ఇదే దారి పట్టింది. అక్కడ చేరిన రోగితో ఇంటివారు కూడా ఉంటారు. వ్యాధి ఏమిటో, మందు ఎలా ఇవ్వాలో, ఎలా మాట్లాడాలో వారూ నేర్చుకుంటారు.

దీనికి కారణం ఉంది. ఇంట్లో మాటల తీరు వ్యాధిపై ప్రభావం చూపుతుంది. చండీగఢ్‌లో స్కిజోఫ్రీనియా రోగుల కుటుంబాలపై జరిగి 1987లో ప్రచురితమైన అధ్యయనంలో, ఇంటివారు ద్వేషంగా చూసిన రోగులలో వ్యాధి ఎక్కువగా తిరగబెట్టినట్లు తేలింది. అంటే మీ పెంపకం వల్లనే వ్యాధి వచ్చిందని అర్థం కాదు. వ్యాధి తగ్గడానికి మీరు చేయగలిగింది చాలా ఉందని అర్థం.

"నీకేం తక్కువ చేశాం? పక్కింటి అబ్బాయిని చూడు" అనకండి. "నాలుగు రోజులుగా నువ్వు నిద్రపోవడం లేదు, అన్నం వదిలేస్తున్నావు. నాకు దిగులుగా ఉంది. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళదాం" అనండి. కళ్ళతో చూసింది చెప్పండి, తీర్పు చెప్పకండి.

బాధ్యతను మెట్టు మెట్టుగా అప్పగించండి

మందుల సంగతే తీసుకోండి. మొదట మీరే చేతికిచ్చి, వేసుకున్నాక పక్కకు రండి. కుదుటపడ్డాక బిడ్డే తీసుకుని మీ ఎదుట వేసుకోవాలి. తరువాత వారానికి సరిపడా మాత్రలు బిడ్డే రోజువారీగా సర్దుకుంటే, ఆదివారం మీరు ఒకసారి చూస్తే చాలు. చివరకు తిరిగి చూపించుకోవలసిన తేదీ కూడా బిడ్డే గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో వ్యాధి తిరగబెడితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి. అది ఓటమి కాదు.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని మానకండి. బాగున్నాడు కదా అని డాక్టరును అడగకుండా ఆపకండి.

18 ఏళ్ళు నిండితే మారేది ఏమిటి?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం 18 ఏళ్ళ లోపు బిడ్డ తరఫున సాధారణంగా తల్లిదండ్రులే నిర్ణయం తీసుకుంటారు. ఆసుపత్రిలో చేర్చితే బిడ్డతోపాటు పెద్దవారు ఉండి తీరాలి. 18 నిండాక మాత్రం వైద్యానికి ఒప్పుకోవలసింది బిడ్డే. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని బిడ్డ తానే ఎంచుకోవచ్చు. తెల్లకాగితంపై రాసి సంతకం చేస్తే చాలు. ఆరోగ్యం బాగున్న రోజున ఇద్దరూ కూర్చుని ఈ కాగితం రాసుకోండి. తనకో ఇతరులకో ప్రమాదం ఉన్నప్పుడు, వైద్యులు పరీక్షించి అవసరమని తేల్చితే, ఆ ప్రతినిధి దరఖాస్తుపై 30 రోజుల వరకు ఆసుపత్రిలో ఉంచడానికి చట్టం వీలు కల్పిస్తుంది.

బిడ్డ చెప్పిన రహస్యాలను డాక్టరు మీకు చెప్పకపోవచ్చు. నొచ్చుకోకండి. మీరు ఇంట్లో గమనించినవి డాక్టరుకు చెప్పడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఒక కాగితంపై తేదీలతో రాసి ఇవ్వండి.

ప్రాణాపాయం ఉన్నప్పుడు

"చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. పొలానికి కొట్టే పురుగుమందు ఇంట్లో ఉంచవద్దు. మాత్రలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి. తీవ్రమైన ఆలోచన చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు విషం చేతికి అందకపోతే ప్రాణం దక్కుతుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి.

ఏమైనా మింగినట్లు అనుమానం వస్తే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నంలో సమయం పోగొట్టకండి. డబ్బా వెంట తీసుకుని వెంటనే దగ్గరి ఆసుపత్రికి రండి. సలహా కోసం 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలోనూ మానసిక వైద్యం లభిస్తుంది.

చివరగా ఒక మాట. ఈ భారం ఒక్క తల్లి మీదే పెట్టకండి. తండ్రి, అక్క, మేనమామ వంతులవారీగా తోడుండండి. వ్యాధి నెలల తరబడి ఉండవచ్చు. బిడ్డకు మీరు అన్ని రోజులూ కావాలి. కాబట్టి మీరూ వేళకు తినండి, నిద్రపోండి.