ఆడియో ఫైలు మార్చే ముందు తల్లి ఫైలు దాచుకోండి

వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ కారు స్టీరియోలో మోగదు. ఐఫోన్‌లో రికార్డు చేసిన అమ్మమ్మ మంగళహారతిని పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే పాత స్పీకరు దాన్ని గుర్తించనే గుర్తించదు. అప్పుడు చాలామంది ఫైలు పేరు చివరనున్న తోక చెరిపేసి ఎంపీ3 అని రాస్తారు. డబ్బా మీద చీటీ మార్చినంత మాత్రాన లోపలి కందిపప్పు పెసరపప్పు అయిపోదు. వాట్సాప్ వాయిస్ ఓపస్ పద్ధతిలో, ఐఫోన్ రికార్డింగు సాధారణంగా ఏఏసీ పద్ధతిలో ఉంటాయి. వాటిని విప్పి, మళ్లీ వేరే పద్ధతిలో రాస్తేనే ఫైలు నిజంగా మారినట్టు.

కంప్యూటరు ధ్వనిని అంకెలుగా దాస్తుంది. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది, ఎడమకూ కుడికీ విడివిడిగా. ఒక్కో కొలతకు 16 బిట్లు. అంతా కలిపితే నిమిషానికి పది ఎంబీ పైనే. ఏమీ కుదించకుండా ఇలాగే ఉంచేది వేవ్ ఫైలు. గంటసేపు సాగే హరికథ క్యాసెట్టును వేవ్‌గా ఎక్కిస్తే 600 ఎంబీ దాటుతుంది. అదే 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల బిట్‌రేటు) ఎంపీ3గా మారిస్తే 58 ఎంబీలోపే సరిపోతుంది. మరి తగ్గినదంతా ఏమైంది?

డోలు దెబ్బ గట్టిగా పడిన క్షణంలో, దానికి దగ్గరి స్థాయిలో సన్నగా వినిపించే శ్రుతి మన చెవికి అందదు. ఎంపీ3 ఇలాంటివే వెతికి కొన్నిటిని వదిలేస్తుంది, కొన్నిటిని ముతకగా రాస్తుంది. దీని మీద జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో ఏళ్ల తరబడి పని జరిగింది. ఆ పరిశోధకుల్లో ఒకరైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ తన పద్ధతిని పరీక్షించడానికి సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’ పాట వాడుకున్నారు. అందులో వాద్యాలు లేవు, ఒంటరి గొంతు ఒక్కటే. పక్కన వాద్యం లేనప్పుడు కుదింపులో జరిగిన లోపం దాక్కోవడానికి చోటుండదు. అమ్మమ్మ పాట కూడా అలాంటిదే కాబట్టి దాని విషయంలో పొదుపు వద్దంటాను.

ఒకసారి వదిలేసింది తిరిగి రాదు. ఎంపీ3ని వేవ్‌గా మారిస్తే ఫైలు లావెక్కుతుందే గానీ పోయిన నాదం రాదు. ఎంపీ3ని ఏఏసీగా, దాన్ని మళ్లీ ఎంపీ3గా మారిస్తే ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఎంపీ3 తెరిచి, చివర దగ్గు కత్తిరించి మళ్లీ ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేసినా అంతే.

అందుకే తల్లి ఫైలును, అంటే మొదటి అసలు ఫైలును, ముట్టుకోకుండా ఉంచాలి. క్యాసెట్టును కంప్యూటరులోకి వేవ్‌గా ఎక్కించి, ఫ్లాక్‌గా దాచుకోండి. 2001 నుంచి అందుబాటులో ఉన్న ఈ పద్ధతి ఒక్క అంకె కూడా పోకుండా, సుమారు సగం చోటులో ఇముడ్చుతుంది. పంచడానికి కావలసిన ఎంపీ3లను ఎప్పుడూ దాన్నుంచే తీయాలి. పాటలకు 192 కేబీపీఎస్, ఉపన్యాసాలకు మోనోలో 64 చాలు. వాట్సాప్ వాయిస్‌కు మాత్రం మన చేతికొచ్చిన ఓపస్ ఫైలే తల్లి.

ఈ మార్పిడి పనికి వీఎల్‌సీ సరిపోతుంది. ఉచితం, సినిమాలు చూడటానికని ఇప్పటికే చాలా ఇళ్లలో ఉంటుంది. మీడియా మెనూలో ‘కన్వర్ట్/సేవ్’ నొక్కి, ‘యాడ్’తో ఫైలు ఎంచుకోవాలి. తర్వాతి కిటికీలో ప్రొఫైల్ దగ్గర ‘ఆడియో - ఎంపీ3’ పెట్టాలి. పక్కనున్న పనిముట్టు బొమ్మ నొక్కితే బిట్‌రేటు మార్చుకోవచ్చు. ఇక్కడొక జాగ్రత్త: కొత్త ఫైలుకు పాత ఫైలు పేరే ఇవ్వకండి, పాతది చెరిగిపోతుంది. వందల ఫైళ్లుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాం మేలు. అందులో ఆదేశాలు టైపు చేయాలి, కానీ ఒకసారి అలవాటైతే ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి మార్చేస్తుంది.

ఎంపీ3 పేటెంట్ల గడువు 2017లో తీరిపోయింది. అంతకుముందు ఆడాసిటీలో ఎంపీ3 చేయాలంటే లేమ్ అనే ఫైలును విడిగా తెచ్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు. కాబట్టి ‘ఫైలు అప్‌లోడ్ చేయండి, మార్చి ఇస్తాం’ అనే సైట్లకు ఇంట్లోవాళ్ల గొంతులు పంపాల్సిన అవసరమే లేదు. ఇంట్లో కంప్యూటరు పాతదే అయినా, నెట్ లేకపోయినా, మూడు నిమిషాల పాటను చిటికెలో మార్చేస్తుంది.