మీ ఇల్లెక్కడ? ఏం పని చేస్తారు? జబ్బు ఎటునుంచి వచ్చిందో వెతికేవాళ్లు అడిగే ప్రశ్నలివి.

జర్మనీలో స్టట్‌గార్ట్ పక్కన ఉన్న జిండెల్ఫింగెన్‌నే తీసుకోండి. 1915 నుంచీ కార్ల కర్మాగారం నీడన పెరిగిన ఊరు. అక్కడ ఒకాయనకి కళ్లు పచ్చబడ్డాయనుకోండి. వైరస్ వల్ల వచ్చిన కామెర్లేమోనని డాక్టరుకి అనుమానం వస్తే చాలు, 24 గంటల్లో జిల్లా ఆరోగ్య కార్యాలయానికి పేరుతో సహా తెలియజేయాలి. చట్టం అలా ఉంది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలు. ఈమధ్య ఏ దేశం వెళ్లొచ్చారు? ఏం తిన్నారు? ఇంట్లో ఇంకెవరున్నారు?

తేలింది హెపటైటిస్ ఈ అయితే ఈ ప్రశ్నలే కీలకం. జర్మనీలో అది ఎక్కువగా సరిగ్గా ఉడకని పంది మాంసం నుంచి వస్తుంది. రొట్టె మీద పచ్చి పంది కైమా పరుచుకు తినడం అక్కడివాళ్లకి మామూలే. సెలవులకి హైదరాబాద్ వెళ్లొచ్చిన మనవాడైతే ముందు నీళ్లనే అనుమానించాలి. జబ్బు పేరు ఒకటే, వైరస్ రకం వేరు, వచ్చిన దారి వేరు. ఆ దారి పట్టుకోవడమే ఎపిడెమియాలజిస్టు పని.

ఈ పని పాతదే. 1883లో బ్రెమెన్ ఓడల కర్మాగారంలో మశూచి టీకా వేయించుకున్న 1289 మందిలో 191 మందికి తర్వాతి నెలల్లో కామెర్లు వచ్చాయి. వేరే టీకా రసం ఎక్కించుకున్నవాళ్లకి రాలేదు. లూర్మన్ అనే డాక్టరు ఆ తేడా గమనించి రాసిపెట్టాడు. వైరస్‌లంటూ ఉన్నాయని ఎవరికీ తెలియని రోజులవి. రక్తంలో హెపటైటిస్ బి ఆనవాలు దొరికింది 1960లలో!

మన దగ్గరికొద్దాం. 2005 మార్చిలో హైదరాబాద్‌లో కామెర్ల కేసులు ఒక్కసారిగా పెరిగాయి. లెక్క తేలేసరికి 1611 మంది. హెపటైటిస్ ఈ ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు వారాల నుంచి రెండు నెలలు పట్టొచ్చు. నెలన్నర కిందట ఏ నల్లా నీళ్లు తాగారో ఎవరికి గుర్తుంటుంది? అందుకని పరిశోధకులు రోగుల ఇళ్లు ఎక్కడున్నాయో, ఆ వాడలకి నీళ్లు ఏ పైపులోంచి వస్తున్నాయో కలిపి చూశారు. మురుగు కాల్వల్ని దాటుకుంటూ పోయే పైపులున్న వాడల్లోనే జబ్బు తీవ్రంగా కనిపించింది. మన నల్లా రోజంతా రాదు కదా. నీళ్లు ఆగిపోయాక పైపులో ఒత్తిడి ఉండదు, పగులు ఉన్నచోట బయటి మురుగు లోపలికి దిగుతుంది. నిండు గర్భిణికి ఈ జబ్బు సోకితే ప్రాణం మీదికి వస్తుంది.

1997లో హెపటైటిస్ బి టీకాని చవగ్గా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ పేరు, దాని స్థాపకుడు వరప్రసాద్ రెడ్డి పేరు మనకి బాగా తెలుసు. తెలియాల్సిందే. ఏ కాల్వ మీద ఏ పైపు పోతోందో వాడవాడా చూసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. టీకా కనిపిస్తుంది, రాని జబ్బు కనిపించదు.

శిలీంధ్రాల దగ్గరికి వచ్చేసరికి కథ ఇంకా వెనకబడి ఉంది. బ్లాక్ ఫంగస్‌ని తెలంగాణ ప్రభుత్వం తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది కోవిడ్ రోజుల్లో, 2021 మేలో. అప్పటికే కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు బారులు, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం పరుగులు. ఆక్సిజన్ సిలిండర్ల వల్లేనని కొందరు, మాస్కుల వల్లేనని కొందరు. 2020 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా దేశంలోని 16 ఆస్పత్రుల్లో చూసిన 287 కేసుల అధ్యయనం వేలు చూపించింది వేరేవైపు: అదుపు తప్పిన షుగరు, అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్లు.

నన్నడిగితే అసలు పెద్ద పని ఏ హడావుడీ లేకుండా బంజారాహిల్స్‌లో జరిగింది. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఉషా గోపీనాథన్ బృందం 1991 నుంచి 2000 దాకా పదేళ్ల రికార్డులు తిరగేసింది. నల్లగుడ్డు మీద శిలీంధ్రం పుండు పడ్డవాళ్లు 1352 మంది. ఆ పుండుని బ్లేడుతో సుతారంగా గీకి, గాజు పలక మీద మందు చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే కణుపులున్న సన్నటి పోగులు కనిపిస్తాయి. ఎక్కువగా పెరిగినవి ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్. రోగుల్లో నూటికి 71 మంది మగవాళ్లు, సగానికి పైగా కంటికి దెబ్బ తగిలినవాళ్లు. కేసులు పెరిగేది వానాకాలం, చలికాలం.

ఆ కాలాలు రైతుకి చెప్పక్కర్లేదు. నాట్లు, కలుపు, కోత, నూర్పిడి. వరి ఆకు అంచు గీరుకుంటుంది, వడ్ల నలుసు కంట్లో పడుతుంది. కొంగుతో తుడుచుకుని మళ్లీ పనిలో దిగుతారు. మూడోనాటికి కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కల మందు. అందులో స్టెరాయిడ్ ఉందంటే రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉండి, లోపల శిలీంధ్రం మరింత పాకుతుంది.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర శిలీంధ్రాల జాబితా వేసింది, అందులో 19 పేర్లున్నాయి. కంటి పుండు మాత్రం జిండెల్ఫింగెన్‌లోనూ, ఇక్కడా తెలియజేసి తీరాల్సిన జబ్బు కాదు. ఆ 1352 మంది హైదరాబాద్ దాకా రాగలిగినవాళ్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే ఆగిపోయి, ఒంటికన్నుతో పొలానికి వెళ్తున్నవాళ్లు ఏ రికార్డులోనూ లేరు.