ఎర్విన్ స్ట్రెసెమాన్

మెదకు పట్టణమునకు దాదాపు 15 కిలోమీటర్ల దూరమున పోచారము జలాశయము కలదు. దీని నిర్మాణము 1922 నాటికి పూర్తియైనది. దీని చెంతనున్న అడవిని 1952లో వన్యమృగ సంరక్షణ స్థలముగా ప్రకటించిరి. శీతకాలమున తలపై రెండు నల్లని అడ్డచారలుగల పెద్ద బాతులు ఇచ్చట నీటియొడ్డున మేయుచు కనబడును. అవి టిబెట్టు, మంగోలియా మొదలగు దేశములలో గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, హిమాలయములను దాటి వచ్చును. గట్టుపై నిలిచి చూచువానికి వాని అందము తెలియునుగాని, వాని స్వస్థలము తెలియదు. అందులకొక శాస్త్రము కావలెను. మన ప్రాంతపు పక్షులను శాస్త్రరీతిని పరిశీలించినవారిలో ముఖ్యుడు సలీం అలీ. ఆయన తన గురువుగా భావించిన మహనీయుడు జర్మను దేశస్థుడు; పేరు ఎర్విన్ స్ట్రెసెమాన్.

స్ట్రెసెమాన్ 1889 నవంబరు 22వ తేదీన డ్రెస్డెన్ నగరమున జన్మించెను. 1910లో, ఇంకను విద్యార్థిగా నున్నప్పుడే, తూర్పు సముద్రములలోని మొలక్కా ద్వీపములకు బయలుదేరిన యొక శాస్త్రజ్ఞుల బృందమున చేరెను. త్రోవలో వారి యోడకు మరమ్మతు అవసరమయ్యెను. అందుచే ఆయన కొంతకాలము బలి ద్వీపమున ఆగవలసి వచ్చెను. ఇతరులకు విసుగు పుట్టించునట్టి ఆ ఆలస్యమే ఆయనకు లాభమయ్యెను. 1911లో అచ్చట ఆయనకొక గోరువంక దొరకెను. మంచువలె తెల్లని ఒడలు, ఱెక్కల చివర నలుపు, కన్నుల చుట్టును నీలవర్ణము గల ఆ పక్షిని అంతవరకు శాస్త్రజ్ఞులెవరును ఎరుగరు. మరుసటి సంవత్సరము ఆయన దానిని లోకమునకు తెలియజేసెను. మన పెరటి గోరువంకకు దాయాదియైన ఆ అందమైన పక్షిని పంజరములలో బంధించి అమ్ముకొనువారి వలన నేడు అడవులలో అది మిగుల అరుదైపోయినది.

సెరాం ద్వీపమున ఆయన పక్షులతోపాటు అచ్చటి ప్రజల భాషను గూడ నేర్చి, దానిని గురించి 1918లో ఒక గ్రంథమును ప్రకటించెను. పక్షి కూతలోని భేదములను పసిగట్టగల చెవికి మనుష్యుల మాటలలోని భేదములు దాగునా?

మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమున పనిచేసిన పిమ్మట, 1921లో ఆయన బెర్లిను జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో పక్షి విభాగమున ప్రవేశించి, దాని భారమును వహించెను. ఆ కాలపు పక్షిశాస్త్రము ఎక్కువగా సొరుగులలో నుండెడిది. దూరదేశములనుండి వచ్చిన పక్షిచర్మములలో దూది కూరి, వరుసగా పేర్చి, ముక్కు పొడవును, ఱెక్క కొలతను వ్రాసికొని, క్రొత్తదైనచో పేరు పెట్టుటతో పండితుని పని ముగిసెడిది. స్ట్రెసెమాన్ ఆ పనిని తృణీకరింపలేదు, తానును చేసెను. కాని అంతటితో తృప్తి పడలేదు. పక్షి ఎట్లు శ్వాసించును? ఈకలను ఎప్పుడు రాల్చును? ఒక ద్వీపమునందలి పక్షి ప్రక్క ద్వీపమునందలి పక్షికంటె ఏల భిన్నముగా నుండును? ఇట్టి ప్రశ్నలన్నిటికి అప్పటికి తెలిసిన సమాధానములను గూర్చి, 1927 మొదలు 1934 వఱకు భాగములుగా సుమారు 900 పుటల గ్రంథమును వెలువరించెను.

శిష్యులను గుర్తించుటలో ఆయన చూపు మరింత గొప్పది. 1923లో ఎర్న్‌స్ట్ మేయర్ అను యువకుడు ఒక చెరువులో ఎఱ్ఱని తలగల బాతుల జంటను చూచెను. ఆ జాతి సాక్సనీ ప్రాంతమున కనబడి డెబ్బది యేండ్లు దాటినది. అతడు చెప్పినది ఎవరును నమ్మలేదు. స్ట్రెసెమాన్ అతనిని అన్ని విధముల ప్రశ్నించి, నమ్మెను. వైద్యవిద్యకై బయలుదేరిన యువకుడు ఆ నమ్మకముచే పక్షిశాస్త్రమునకు మరలి, తరువాతి కాలమున పరిణామశాస్త్రమున అగ్రగణ్యుడయ్యెను. (ఆ జాతి బాతులు శీతకాలమున మన దేశపు చెరువులకు గూడ వచ్చుచుండును.)

1929లో బొంబాయినుండి మరియొక శిష్యుడు వచ్చెను. ఆయనయే సలీం అలీ. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరములు. గొప్ప పట్టములు లేవు. బెర్లినులో స్ట్రెసెమాన్ వద్ద పక్షులను పోల్చు పద్ధతిని, ప్రాణముతోనున్న పక్షి నడవడిని ఓపికతో గమనించు పద్ధతిని నేర్చి 1930లో తిరిగి వచ్చునప్పటికి, బొంబాయి ప్రదర్శనశాలలో ఆయన ఉద్యోగమును ధనాభావముచే తీసివేసియుండిరి. ఇంటియద్దె భరింపలేక, భార్యయగు తెహ్మీనాతో సముద్రతీరమున కిహీము గ్రామమునకు పోయెను. అచ్చట ఒక చెట్టున గిజిగాళ్లు గూళ్లు కట్టుచుండెను. జీతము లేని ఆ నెలలలో సలీం అలీ వానిని దినదినము చూచుచు కూర్చుండెను. మగపక్షి గూటిని సగము అల్లునప్పటికి ఆడుపక్షి వచ్చి పరీక్షించునట. నచ్చినచో ఆ గూటిని స్వీకరించును. మగపక్షి గూటిని పూర్తిచేసి, మరియొక గూటిని మరియొక ఆడుపక్షికై మొదలుపెట్టును! పల్లెలలో తరతరములుగా అందఱును చూచుచున్న గూటిలో ఎవరును చూడని సంగతి యిది.

పిమ్మట సలీం అలీ సంస్థానాధీశులకొక సూచన చేసెను. ప్రయాణపు ఖర్చులు మాత్రమిచ్చినచో జీతము కోరక వారి రాజ్యములందలి పక్షులను పరిశీలించెదననెను. మొదట అంగీకరించినది హైదరాబాదు సంస్థానము. నాడు తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతములు ఆ సంస్థానమున కలిసియుండెడివి. మెదకు అందొక జిల్లా. 1931–32 సంవత్సరములలో ఆ పరిశీలన జరిగెను. ఏ పక్షి ఎచ్చట, ఏ ఋతువున నుండును, ఏమి తినును అను విషయములు కొలతలతోపాటు చేరినవి. ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హ్యూ విస్లర్ నమూనాలను పరీక్షించి తోడ్పడెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. శత్రుసైనికుడుగా పట్టుబడి జర్మనీలో బందీయైన జాన్ బక్స్‌టన్ అను ఆంగ్లేయుడు, ముళ్లకంచె చాటునుండి ఒక చిన్న పక్షి కాపురమును గమనింపసాగెను. స్ట్రెసెమాన్ అతనికి పక్షుల కాళ్లకు తొడుగు ఉంగరములను పంపి సహాయపడెను. తన దేశము యుద్ధము చేయుచున్న దేశపు మనుష్యునికి చేసిన ఉపకారమిది. బక్స్‌టన్ విడుదలయైన తరువాత, 1950లో ఆ పక్షిని గురించి ఒక గ్రంథమును ప్రకటించెను.

వృద్ధాప్యమునను స్ట్రెసెమాన్ విశ్రమింపలేదు. పక్షులు ఈకలు రాల్చు క్రమమును భార్యయగు వెస్టాతో కలిసి పరిశీలించి, 1966లో పెద్ద గ్రంథమును వెలువరించెను. 1972 నవంబరు 20వ తేదీన బెర్లినులో మరణించెను. అప్పటికి సలీం అలీ, అమెరికా శాస్త్రజ్ఞుడగు డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షులపై పది సంపుటముల గ్రంథమును వ్రాయుచుండెను. దాని మొదటి సంపుటము 1968లో వెలువడినది. చివరి సంపుటము 1974లో అచ్చగునప్పటికి దానిని చేత పట్టి చూచుటకు గురువు లేడు.